‘మ్యాచ్‌మేకర్’ ఎక్కడ పుట్టింది? ఒక ఇంగ్లీషు మాట చరిత్రను తవ్వే పద్ధతి

1888 నాటి లండన్ పత్రికల్లో ‘మ్యాచ్‌మేకర్’ అని వెతికితే పెళ్ళిళ్ళ పేరయ్యలు దొరకరు, సమ్మెకు దిగిన ఆడకూలీలు దొరుకుతారు. ఆ ఏడాది జూలైలో తూర్పు లండన్‌లోని బో ప్రాంతంలో, బ్రయంట్ అండ్ మే అగ్గిపుల్లల ఫ్యాక్టరీలో సుమారు 1,400 మంది ఆడవాళ్ళు, ఆడపిల్లలు పని మానేశారు. సమ్మె గెలిచాక వాళ్ళు పెట్టుకున్న సంఘం పేరు ‘యూనియన్ ఆఫ్ విమెన్ మ్యాచ్‌మేకర్స్’. దాని మొదటి కార్యదర్శి అనీబిసెంట్. మదనపల్లెలో ఎవరి పేరున కాలేజీ ఉందో ఆవిడే. పెళ్ళి సంబంధాలకూ ఈ సంఘానికీ అక్షరాల్లో తప్ప పోలిక లేదు. పద చరిత్ర వెతికేవాళ్ళు ఎక్కువగా బోల్తా పడేది ఇలాంటి చోటే. అక్షరాలు కలిశాయి కదా అని అర్థమూ కలిసిందనుకుంటారు.

సంబంధాలు కుదిర్చే మనిషికి ఇంగ్లీషులో వాడే ఈ మాటను ఉదాహరణగా పెట్టుకుని, ఒక పదం పుట్టుక, ఎదుగుదల ఎలా వెతకాలో వరసగా చూద్దాం. దీనికి కావలసింది ఇంటర్నెట్, ఒక స్ప్రెడ్‌షీట్, ఓపిక. భాషాశాస్త్రంలో డిగ్రీ అక్కర్లేదు.

ముందు మాటను విడదీయండి

సమాసమైతే దాన్ని ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు విడిగా చరిత్ర చూడాలి. ఇక్కడ ముక్కలు రెండు: ‘మ్యాచ్’, ‘మేకర్’. రెండోదానితో పేచీ లేదు, చేసేవాడు అని అర్థం. పేచీ అంతా మొదటిదానితోనే, ఎందుకంటే ఇంగ్లీషులో ఒకే స్పెల్లింగు కింద రెండు ‘మ్యాచ్’లు కాపురముంటున్నాయి.

ఒకటి అచ్చ ఇంగ్లీషుది. ప్రాచీన ఇంగ్లీషులో ‘యెమాచ్చ’ అనే ఉచ్చారణకు దగ్గరగా ఉండేది. జతలో ఒకరు, సరిసమానుడు, భార్య లేదా భర్త అని అర్థం. మనం ‘ఈడూ జోడూ’ అంటామే, ఆ జోడు. సమఉజ్జీల మధ్య పోటీ కాబట్టి క్రికెట్ మ్యాచ్ కూడా దీని సంతానమే. జత కుదరడమే పెళ్ళి కాబట్టి ‘మ్యాచ్’కు పెళ్ళి సంబంధం అనే అర్థమూ వచ్చింది. షేక్స్‌పియర్ నాటకాల నాటికి, అంటే 16వ శతాబ్దం చివరికల్లా, ఆ అర్థం మామూలు వాడుకలో ఉంది. మన ఊళ్ళలో చీర అంచుకు సరిపడే జాకెట్టు గుడ్డ అమ్మే ‘మ్యాచింగ్ సెంటర్’ ఈ మాట పాత అర్థాన్ని పదిలంగా దాచుకుంది.

రెండోది ఫ్రెంచి నుంచి వచ్చింది. పాత ఫ్రెంచిలో ‘మెష్’ అంటే దీపం వత్తి. 14వ శతాబ్దం చివర్లో ఇంగ్లీషులో చేరింది. తర్వాత తుపాకులు పేల్చడానికి సురేకారంలో నానబెట్టి ఆరబెట్టిన తాడుకు ఆ పేరు పెట్టారు. గీస్తే మండే అగ్గిపుల్ల చాలా ఆలస్యంగా వచ్చింది: ఇంగ్లండులోని స్టాక్టన్‌లో మందుల షాపు నడిపిన జాన్ వాకర్ 1827లో అమ్మకం మొదలుపెట్టాడు. కాబట్టి 1640ల నాటి రాతలో ‘మ్యాచ్‌మేకర్’ కనబడి, అది అగ్గికి సంబంధించినదైతే, అక్కడ అగ్గిపెట్టెను ఊహించుకోకండి. ఆ కాలానికి అది తుపాకీ తాడో, గంధకం పూసిన పుల్లో అవుతుంది.

ఇక్కడే ఇంకో వల. ‘మ్యాచ్’, ‘మేట్’ అన్నవి వినడానికి అన్నదమ్ముల్లా ఉంటాయి, అర్థంలోనూ ఇద్దరిదీ జతే. కానీ సహచరుడు అనే ‘మేట్’ దిగువ జర్మన్ నుంచి వచ్చింది. ఒకే బల్ల దగ్గర కూర్చుని తినేవాడు అని దాని అసలు అర్థం. అంటే మనవైపు చెప్పాలంటే సహపంక్తివాడు. ‘మీట్’ అనే మాటకు చుట్టం, ‘మ్యాచ్’కు కాదు. ధ్వనిని చూసి చుట్టరికం కలిపేయొద్దనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

ఒక్కో వాడుకకు ఒక్కో కార్డు

పాతకాలంలో నిఘంటుకారులు చీటీల మీద రాసుకునేవారు. మీరు స్ప్రెడ్‌షీట్‌లో ఒక్కో వరస ఒక్కో చీటీ అనుకోండి. నిలువు గడులు ఏడు చాలు: రాత జరిగిన ఏడాది, మీకు దొరికిన ముద్రణ ఏడాది, స్పెల్లింగు, పూర్తి వాక్యం, అర్థం, దేశం, ఎక్కడ దొరికింది. వాక్యం పూర్తిగా ఎక్కించాలి. పదం ఒక్కటే రాసుకుంటే నెల తర్వాత చూసినప్పుడు అది పెళ్ళిదో అగ్గిదో మీకే తెలియదు.

మొదటి రెండు గడులూ ఎందుకు వేరుగా ఉండాలో ఒక చీటీ నింపి చూస్తే తెలుస్తుంది. శామ్యూల్ జాన్సన్ 1755 నిఘంటువులో ‘మ్యాచ్‌మేకర్’ ఉంది. రెండు అర్థాలిచ్చాడు: పెళ్ళిళ్ళు పన్నేవాడు ఒకటి, కాల్చే మ్యాచ్‌లు తయారుచేసేవాడు రెండు. మొదటి అర్థానికి శామ్యూల్ బట్లర్ రాసిన వ్యంగ్య కావ్యం ‘హ్యూడిబ్రాస్’ మూడో భాగం నుంచి పంక్తులు ఉదాహరించాడు. ఆ భాగం 1678 నాటిది. అంటే మీ చీటీలో రాత ఏడాది 1678, దొరికిన ముద్రణ 1755. కంగారులో 1755 ఒక్కటే వేసుకుంటే 77 ఏళ్ళ చరిత్ర గల్లంతవుతుంది.

అదే చీటీలో అర్థం గడి దగ్గర ఇంకాస్త ఆగండి. ఆ పంక్తుల్లో ‘మ్యాచ్‌మేకర్స్’ పక్కనే వచ్చే మాటకు తెలుగు తార్పుడుగాళ్ళు. జాన్సన్ ఇచ్చిన నిర్వచనంలోనూ ‘కుదిర్చేవాడు’ అని లేదు, పన్నాగం వాసన ఉన్న క్రియ వాడాడు. అంటే 17, 18 శతాబ్దాల్లో ఈ మాట మర్యాదస్థుల నోట గౌరవంగా పలికేది కాదన్న అనుమానం రావాలి. అనుమానమే, తీర్పు కాదు. ఒక్క వ్యంగ్య కావ్యాన్ని పట్టుకుని కాలమంతా అలాగే ఉందనకూడదు. వ్యంగ్యకారుడు మంచి మాటనైనా చెడ్డ మాట పక్కన కూర్చోబెట్టి నవ్విస్తాడు. అందుకే ‘పక్కన ఏ మాటలున్నాయి’ అని ఎనిమిదో గడి కూడా పెట్టుకుంటే మంచిది. పాతిక ముప్ఫై చీటీలు పోగయ్యాక ఆ గడి ఒక్కదాన్ని పైనుంచి కిందికి చదివితే, మాట పరువు ఎప్పుడు పెరిగిందో ఎప్పుడు తగ్గిందో కనబడుతుంది.

తేదీల్లో మరో చిక్కు. పుస్తకం మీద అచ్చయిన ఏడాది, అది బజారులోకి వచ్చిన ఏడాది ఒకటే కాకపోవచ్చు. జేన్ ఆస్టిన్ ‘ఎమా’ నవలంతా సంబంధాలు కలిపే సరదా చుట్టూ తిరుగుతుంది. అది 1815 డిసెంబరులో వచ్చింది, ముఖపత్రం మీద మాత్రం 1816 అని ఉంటుంది. రెండూ రాసుకోండి.

నిఘంటువులు ఏ వరసలో చూడాలి

సులభమైన వాటి నుంచి మొదలుపెట్టాలి. పదాల పుట్టుక చెప్పే వెబ్‌సైటు ఎటిమాన్‌లైన్ ఉచితం, రెండు నిమిషాల్లో ఎముకల గూడు చేతికిస్తుంది. పెళ్ళి అర్థంలో ‘మ్యాచ్‌మేకర్’ 1630ల నుంచి, మండించే వస్తువు తయారీదారు అర్థంలో 1640ల నుంచి అని అందులో ఉంటుంది. తర్వాత అమెరికన్ నిఘంటువు మెరియమ్ వెబ్‌స్టర్. చాలా మాటల కింద మొట్టమొదటి వాడుక ఏడాది ఇస్తుంది. ఈ రెండూ దారి చూపిస్తాయి గానీ సాక్ష్యం చూపించవు, ఉదాహరణ వాక్యాలు తక్కువ.

సాక్ష్యం కావాలంటే ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీకి వెళ్ళాల్సిందే. ఆన్‌లైన్‌లో చందా ఉంది. యూనివర్సిటీ లైబ్రరీలో సభ్యత్వం ఉంటే అక్కడి నుంచి చూడవచ్చు. లేదంటే 1884 నుంచి 1928 దాకా భాగాలుగా వచ్చిన మొదటి ముద్రణ స్కాన్లు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా ఉన్నాయి. ‘మ్యాచ్‌మేకర్’ ఆరో సంపుటంలో ఉంటుంది: ఎల్, ఎం, ఎన్ అక్షరాలు, 1908. పాతదే అయినా ఉదాహరణలు వరసగా తేదీలతో ఉంటాయి కాబట్టి చేతికి పని దొరుకుతుంది. యాస, బజారు మాటలకు గ్రీన్స్ డిక్షనరీ ఆఫ్ స్లాంగ్ చూడండి, అదీ ఆన్‌లైన్‌లో ఉంది.

నిఘంటువు ఇచ్చే తొలి ఏడాదిని మాట పుట్టినరోజు అనుకోవడం అందరూ చేసే తప్పు. అది నిఘంటుకారులకు దొరికిన మొదటి అచ్చు సాక్ష్యం, అంతే. నోటి వాడుక అంతకు ముందే ఉండి ఉంటుంది. కొత్తగా స్కాన్ అయిన పుస్తకాల్లో అంతకంటే పాత వాడుక దొరికే అవకాశం ఎప్పుడూ ఉంటుంది, అది పట్టుకోవడమే ఈ పనిలో అసలు మజా. కాబట్టి రాసేటప్పుడు ‘1630లలో పుట్టింది’ అనొద్దు, ‘1630ల నుంచి కనబడుతోంది’ అనండి.

పాత పుస్తకాలు, పత్రికల్లో గాలింపు

1700కి ముందు అచ్చయిన పుస్తకాలకు ‘ఎర్లీ ఇంగ్లీష్ బుక్స్ ఆన్‌లైన్’ నుంచి మనుషులు చేత్తో టైపు చేసిన పాఠాలు ఉచితంగా దొరుకుతాయి. యంత్రం చదివిన స్కాన్ల కంటే ఇవి ఎన్నో రెట్లు నమ్మదగ్గవి. అమెరికా పత్రికలకు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారి ‘క్రానిక్లింగ్ అమెరికా’, ఆస్ట్రేలియా పత్రికలకు ‘ట్రోవ్’, రెండూ ఉచితం. బ్రిటిష్ న్యూస్‌పేపర్ ఆర్కైవ్‌కు డబ్బు కట్టాలి. ముందు చీటీలు పోగేసి, ఏ దశాబ్దం ఖాళీగా ఉందో చూసుకుని, ఒక్క నెలకు కట్టుకుంటే సరిపోతుంది.

ఒక్క స్పెల్లింగుతో వెతికి ‘లేదు’ అనుకోకండి. ఈ మాట మూడు రకాలుగా అచ్చయింది: కలిపి, మధ్యలో హైఫన్‌తో, విడివిడిగా రెండు మాటలుగా. పంక్తి చివర విరిగి కింది పంక్తిలోకి పోతే యంత్రం దాన్ని రెండు ముక్కలుగా చదువుతుంది. బహువచనం, ‘మ్యాచ్‌మేకింగ్’ రూపం కూడా విడిగా వెతకాలి. 1800కి ముందు అచ్చులో పొడుగు ‘ఎస్’ ఉండేది, అది చూడటానికి ‘ఎఫ్’లా ఉంటుంది, యంత్రం ‘స్పౌస్’ను ‘ఫ్పౌఫ్’ అని చదివేస్తుంది. ‘మ్యాచ్‌మేకర్’లో ఆ బెడద లేదు గానీ, దాని చుట్టూ ఉన్న మాటలతో వెతికేటప్పుడు ‘ఎస్’ బదులు ‘ఎఫ్’ పెట్టి ఇంకోసారి చూడాలి.

దొరికిన ప్రతిదాన్నీ అర్థం గడిలో వేరు చేయండి. నాలుగు కుప్పలు తేలతాయి. 19వ శతాబ్దపు బ్రిటిష్ పత్రికల్లో అగ్గిపుల్లల వాళ్ళు కుప్పలు తెప్పలుగా వస్తారు. 20వ శతాబ్దపు అమెరికా పత్రికల్లో క్రీడల పేజీ నుంచి వచ్చినవైతే చాలావరకు బాక్సింగ్: ఎవరితో ఎవరికి పోటీ పెట్టాలో నిర్ణయించేవాణ్ణి అక్కడ మ్యాచ్‌మేకర్ అంటారు. ఇటీవలి ఇంటర్నెట్ రాతల్లో ‘మ్యాచ్‌మేకింగ్’ అంటే తరచుగా వీడియో గేమ్‌లే. సమాన బలం ఉన్న ఆటగాళ్ళను సర్వరు జత కలపడం. ఇవి తీసేశాక మిగిలినదే పెళ్ళి కుప్ప. మిగతా మూడింటినీ పారేయకండి. బాక్సింగ్, గేమ్ రెండూ ‘సరిజోడు’ అనే మొదటి అర్థం నుంచి నేరుగా వచ్చినవే, ఆ సంగతి చరిత్రలో రాయాలి. అగ్గి కుప్ప ఒక్కటే పరాయిది.

గూగుల్ ఎన్‌గ్రామ్ గ్రాఫ్ అందరికీ ఇష్టం. 1500 నుంచి అచ్చయిన పుస్తకాల్లో ఒక మాట ఎంత తరచుగా వచ్చిందో గీత గీసి చూపిస్తుంది. వాడండి, నమ్మేయకండి. మూడు సంగతులు గుర్తుంచుకోవాలి. పెద్దక్షరం, చిన్నక్షరం తేడా అది పాటిస్తుంది. ఆ తేడా వద్దనే పెట్టె టిక్ చేయకపోతే రెండు గీతలు వేరుగా ఉంటాయి. ‘మ్యాచ్‌మేకర్’ విషయంలో ఈ తేడా మనకు పనికొస్తుంది కూడా. పెద్దక్షరంతో మొదలయ్యే రూపానికి 1950లలో ఎత్తు కనబడితే, సంబంధాలు కుదిర్చేవాళ్ళు పెరిగారని కాదు. 1954లో ఎడిన్‌బరాలో ఆడి, 1955లో న్యూయార్క్ నాటకశాలల వీధి బ్రాడ్‌వేకి వచ్చిన థార్న్‌టన్ వైల్డర్ నాటకం పేరే ‘ది మ్యాచ్‌మేకర్’. రెండోది, కనీసం 40 పుస్తకాల్లో లేని మాటను ఎన్‌గ్రామ్ లెక్కలోకే తీసుకోదు. అరుదైన మాట, పైగా అయిదారు స్పెల్లింగుల్లో చీలిపోయిన మాట అయితే, వాడుకలో ఉన్నా సున్నా చూపిస్తుంది. మూడోది, గీతను నున్నగా చేసే ‘స్మూదింగ్’ మామూలుగా 3 దగ్గర ఉంటుంది. అంటే ప్రతి ఏడాదికీ అటు మూడేళ్ళు, ఇటు మూడేళ్ళు కలిపి సగటు. తొలి వాడుక వెతుకుతున్నప్పుడు దాన్ని సున్నాకి దించండి, లేకపోతే మాట మూడేళ్ళ ముందే పుట్టినట్టు కనబడుతుంది.

గూగుల్ బుక్స్‌లో తేదీలూ తప్పుతాయి. పత్రికల సంపుటాలకు మొదటి సంచిక ఏడాదినే అన్నింటికీ తగిలించడం మామూలే. 1850 నాటి పుస్తకంలో టెలిఫోన్ నంబరు కనబడితే తప్పు మీ కళ్ళది కాదు. ముఖపత్రం స్కాన్ చూడనిదే ఏ తేదీనీ చీటీకెక్కించొద్దు.

పక్కింటి మాటలనూ పిలవండి

ఒక మాట ఒంటరిగా బతకదు. అదే పనికి ఇంకే మాటలున్నాయో చూస్తే, మనం వెతికే మాట ఎక్కడ వాడరో కూడా తెలుస్తుంది. ఇంగ్లండు కోర్టు తీర్పుల్లో ‘మ్యాచ్‌మేకర్’ కోసం వెతికి లాభం లేదు. చట్టం ఈ పనిని ‘మ్యారేజ్ బ్రోకేజ్’ అంది, అంటే పెళ్ళి దళారీతనం. పెళ్ళి కుదిర్చినందుకు డబ్బు ఇస్తానన్న ఒప్పందం చెల్లదని 1695లో ‘హాల్ వర్సెస్ పాటర్’ కేసులో హౌస్ ఆఫ్ లార్డ్స్ చెప్పింది. 1905 నాటి ‘హెర్మన్ వర్సెస్ చార్ల్స్‌వర్త్’ మరీ ఆసక్తికరం: పెళ్ళి ప్రకటనల పత్రిక నడిపే ఆసామికి ఒకావిడ ముందు 52 పౌండ్లు కట్టింది, పెళ్ళయితే ఇంకో 250 ఇచ్చేలా ఒప్పందం. పెళ్ళి కుదరలేదు. ఒప్పందమే చెల్లనిది కాబట్టి కట్టిన డబ్బు తిరిగి ఇవ్వాలని కోర్టు తేల్చింది. 1893లో మద్రాసు హైకోర్టూ ఇదే దారిలో నడిచింది, కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు దాని కిందే ఉండేవి.

‘బ్రోకర్’ మాటకు మూలం ఆంగ్లో ఫ్రెంచి. మొదట చిల్లర వర్తకుడు, బహుశా పీపాకు బెజ్జం పెట్టి ద్రాక్షసారా అమ్మేవాడు. తెలుగులోకి వచ్చాక ఇళ్ళ బ్రోకరు, పశువుల బ్రోకరు, పెళ్ళిళ్ళ బ్రోకరు అన్నీ అయ్యాడు, ఒంటరిగా వాడితే తిట్టూ అయ్యాడు. ఇంగ్లీషులో ‘పాండర్’ది అదే వరస: చాసర్ 14వ శతాబ్దపు కావ్యంలో ప్రేమికుల మధ్య రాయబారం నడిపిన పాండరస్ పేరు చివరికి తార్చేవాడికి మారుపేరైంది. సంబంధం కలిపేవాడికీ కుంటెనకత్తెకూ మధ్య గోడ ఎంత పలచనో చూడాలంటే ఈ మాటలన్నీ ఒకే షీటులో పక్కపక్కన పెట్టాలి.

యెంటా: నిఘంటువు ఒకటంటే జనం ఇంకోటి అంటే

అమెరికన్ ఇంగ్లీషులో సంబంధాలు కుదిర్చే ఆడమనిషిని సరదాగా ‘యెంటా’ అంటారు. నిఘంటువు తెరిస్తే ఆ అర్థం ముందు కనబడదు. అనవసరంగా తలదూర్చేది, వదరుబోతు, ఊళ్ళో కబుర్లన్నీ మోసేది అని ఉంటుంది. ఎవరు తప్పు? ఇలాంటప్పుడు పక్షం వహించకుండా, అర్థం ఏ ఏడాదికి ఆ ఏడాది ఎలా జరిగిందో చీటీల్లో చూడాలి.

మొదటి చీటీ: యెంటె అనేది తూర్పు యూరప్ యూదుల్లో ఆడపిల్లలకు పెట్టే మామూలు పేరు. దాని వెనక ‘జెంటిలె’ అనే ఇటాలియన్ మాట ఉందంటారు, మర్యాదస్థురాలు, కులీన అని అర్థం. మర్యాద అని అర్థమున్న పేరు వాగుడుకాయకు బిరుదు కావడం చూస్తే, పేరు పెట్టిన అమ్మమ్మ ఏమనుకునేదో. ఇక్కడో హెచ్చరిక: యూదేతరుడు అనే ‘జెంటైల్’ కూడా అదే లాటిన్ మూలం నుంచి వచ్చింది. రెంటినీ ముడిపెట్టి ‘యెంటా అంటే పరాయివాళ్ళ ఆడది’ అని కథ అల్లడం తేలిక. మూలం ఒకటైనా దారులు వేరు. మధ్యలో మెట్లన్నీ చూపించలేని వ్యుత్పత్తిని ఎంత ముద్దుగా ఉన్నా పక్కన పెట్టండి.

రెండో చీటీ: న్యూయార్క్‌లో ఆ యూదుల భాష యిడ్డిష్‌లో వచ్చిన ‘ఫోర్వెర్ట్స్’ దినపత్రికలో బి. కోవ్నర్ అనే హాస్యరచయిత యెంటె టెలెబెండె అనే పాత్రను సృష్టించాడు. నోరు మూతపడని, మొగుణ్ణి కాల్చుకుతినే గయ్యాళి. ఆ పాత్ర ఎంత పేలిందంటే పేరు కాస్తా జాతి నామం అయిపోయింది. మన దగ్గర ‘సూర్యకాంతం’ అన్నట్టు. ఇంగ్లీషులో ఈ మాట 1920ల నుంచి కనబడుతుంది. కోవ్నర్ అసలు పేరు జేకబ్ ఆడ్లర్. యిడ్డిష్ రంగస్థలం మీద మహానటుడు జేకబ్ పి. ఆడ్లర్ వేరే మనిషి. పేర్లు చూసి ఇద్దర్నీ ఒకటి చేసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. మీ చీటీలో మధ్య అక్షరం ఉందో లేదో చూసుకోండి. ఆక్స్‌ఫర్డ్ మొదటి ముద్రణ 1928కే పూర్తయింది కాబట్టి ఈ మాట కోసం ఆ పాత సంపుటాలు తిరగేయడం దండగ.

మూడో చీటీయే కీలకం. 1964 సెప్టెంబరు 22న బ్రాడ్‌వేలో ‘ఫిడ్లర్ ఆన్ ద రూఫ్’ అనే సంగీత నాటకం మొదలైంది. అందులో సంబంధాలు కుదిర్చే ముసలమ్మ పేరు యెంటె. 1971లో సినిమాగా వచ్చి ప్రపంచమంతా తిరిగింది. చూసినవాళ్ళు పాత్ర పేరును పాత్ర వృత్తి అనుకున్నారు. ఇది నిజమని రుజువు చేయడం ఎలా? మూలం దగ్గరికి వెళ్ళాలి. ఆ నాటకానికి ఆధారం యిడ్డిష్ రచయిత షోలెం అలెయిహెం రాసిన టెవ్యే కథలు. వాటిలో సంబంధాలు తెచ్చేది ఆడమనిషి కాదు, ఎఫ్రాయిమ్ అనే మగవాడు. యెంటె పాత్ర నాటకకర్తల కల్పన. కాబట్టి 1964కి ముందు చీటీల్లో ‘యెంటా’కు పెళ్ళి సంబంధాల అర్థం ఉందేమో విడిగా వడపోయండి, 1964 తర్వాతి చీటీలు ఎంత పెరిగాయో పక్కన పెట్టండి. అర్థం మలుపు తిరిగిన చోటు అక్కడ తేలుతుంది.

ఎఫ్రాయిమ్ వృత్తికి యిడ్డిష్‌లో సరైన పేరు ‘షాద్ఖన్’. ఇది ఇంగ్లీషులోకి యెంటా కంటే ముందే వచ్చింది. ఇజ్రాయెల్ జాంగ్విల్ 1892లో లండన్ యూదుల మీద రాసిన ‘చిల్డ్రన్ ఆఫ్ ద ఘెటో’లో షుగర్‌మన్ అనే షాద్ఖన్ ఉన్నాడు. మూలం అరామిక్ అనే ప్రాచీన భాషలోని ధాతువు, శాంతి, నెమ్మది అని అర్థం. హీబ్రూ బైబిలు న్యాయాధిపతుల గ్రంథంలో ‘దేశము నెమ్మది పొందెను’ అనే చోట అరామిక్ అనువాదం వాడిన ధాతువు ఇదే. ఇల్లు కుదుటపడటం అన్నమాట. కానీ ఎన్‌గ్రామ్‌లో ‘షాద్ఖన్’ కొడితే గీత నేలకు అంటుకుపోయి ఉంటుంది. కారణం పైన చెప్పిందే: గొంతులో పలికే ఆ ‘ఖ’ను ఒకరు ‘సిహెచ్’తో, ఒకరు ‘కెహెచ్’తో రాశారు, మొదట ‘ఎస్‌హెచ్’ బదులు జర్మన్ పద్ధతిలో ‘ఎస్‌సిహెచ్’ పెట్టినవాళ్ళున్నారు, చివర ‘ఏఎన్’, ‘ఈఎన్’, ఒట్టి ‘ఎన్’ మూడూ కనబడతాయి. ఈ కలయికలన్నీ ఒక పట్టిక వేసి, ఒక్కోటి విడిగా వెతికి, మొత్తం కూడితేనే లెక్క తేలుతుంది. అచ్చులు సరిగా రాయని లిపి నుంచి ఇంగ్లీషులోకి వచ్చిన ప్రతి మాటకూ ఈ పట్టిక తప్పదు.

అదే జల్లెడ తెలుగు మాటకు పట్టండి

యెంటెలాగే మన పేరయ్యా మొదట ఒట్టి మనిషి పేరే. ‘పెళ్ళిళ్ళ’ చేరేసరికి వృత్తి అయింది. ఈ మాట మీద పని చేయాలంటే చీటీలు, గడులు అవే, నిఘంటువులు మాత్రం వేరు. ఆంధ్రభారతి వెబ్‌సైటు నిఘంటుశోధనలో ఒకేసారి చాలా నిఘంటువులు వెతకవచ్చు. సి.పి. బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852 నాటిది. దాన్ని తెలుగు వైపు నుంచే కాక, ఆయనదే ఇంగ్లీషు-తెలుగు నిఘంటువులో ‘మ్యాచ్’ కింద కూడా చూడాలి. తెలుగు వైపు విడి పదంగా చేరని మాట, ఇంగ్లీషు మాటకు అర్థం చెప్పేటప్పుడు బయటపడొచ్చు.

తెలుగు స్కాన్లలో వెతికేటప్పుడు రాత రూపాలు అడ్డం పడతాయి. ‘పెళ్ళిళ్ళ’, ‘పెళ్లిళ్ల’ రెండూ అచ్చులో ఉన్నాయి, ఒకటి వెతికితే రెండోది దొరకదు. పాత గ్రంథాల్లోనూ, తెలంగాణ, రాయలసీమ వాడుకలోనూ ‘పెండ్లి’ ఉంటుంది. ‘పెండ్లిండ్ల’, ‘పెండ్లిళ్ళ’ రూపాలు విడిగా చూడాలి. ‘పేరయ్య’ ఒక్కటే వెతికితే ఊళ్ళో పేరయ్యలందరూ వచ్చి కూర్చుంటారు. ఆ చీటీలను పారేయకుండా తేదీల వారీగా ఉంచితే, పేరు కాస్తా వృత్తిగా మారిన దశాబ్దం వాటి మధ్యే దొరుకుతుంది.